రాత్రి ఎడారి సఫారీకి వెళ్తున్నారా? చుక్కలు తృప్తిగా చూసి రావాలంటే ఇలా చేయండి

ఎడారి రాత్రి సఫారీ అని అమ్మే ప్యాకేజీల్లో సగానికి పైగా నక్షత్రాలు పేరుకే ఉంటాయి. బండిలో దిబ్బల మీద ఎగరేసి, ఒంటె ఎక్కించి, ఫ్లడ్ లైట్లు వేసిన క్యాంపులో పాటలు పెట్టి, చివర్లో ఓ పది నిమిషాలు టెలిస్కోప్ దగ్గర లైనులో నిలబెట్టి పంపించేస్తారు. అదీ సరదాగానే ఉంటుంది, కాదనను. కానీ మీరు వెళ్లేది ఆకాశం కోసమైతే, మీరు డబ్బు పెట్టి కొంటున్నది చీకటిని. తేదీ ఎంచుకోవడం నుంచి ఫోన్ జేబులో పెట్టుకోవడం దాకా ప్రతి చోటా ఆ చీకటి పాడవకుండా చూసుకోవాలి. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే కింద చెప్పేవన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

ముందు తిథి చూడండి, తర్వాతే సెలవు పెట్టండి

చాలామంది శని, ఆదివారాలు చూసి బుక్ చేసేస్తారు. వెళ్లాక నెత్తిన నిండు చందమామ. ఇసుకంతా వెండిలా మెరిసిపోతుంది, ఫొటోలు బాగుంటాయి, కానీ పాలపుంత మాత్రం కనిపించదు, ఎంత మారుమూల ఎడారైనా సరే. పౌర్ణమి వెలుగు ముందు మసక చుక్కలన్నీ మాయమైపోతాయి.

అందుకే క్యాలెండర్‌లో తిథి చూడండి. సాయంత్రం వెళ్లి అర్ధరాత్రి లోపు తిరిగొచ్చే సఫారీ అయితే బహుళ అష్టమి నుంచి శుక్ల తదియ దాకా మంచి రోజులు. బహుళ అష్టమి నాడు చంద్రుడు దాదాపు అర్ధరాత్రికి ఉదయిస్తాడు, ఆ తర్వాత రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు కాబట్టి ఏకాదశి, ద్వాదశి దాటాక మీకు రాత్రంతా దాదాపు చీకటే. అమావాస్య వెళ్లాక రెండు మూడు రోజుల వరకూ సన్నటి నెలవంక సాయంత్రమే కాసేపు కనిపించి అస్తమిస్తుంది, దానివల్ల నష్టం లేదు, పైగా చూడ్డానికి ఎంతో బాగుంటుంది.

పిల్లలతో వెళ్తూ, రాత్రి అక్కడే ఉండేటట్లయితే మాత్రం నేను శుక్ల సప్తమి, అష్టమి రోజులు చెప్తాను. టెలిస్కోప్‌లో చంద్రుడి గుంతలు బాగా కనిపించేది అప్పుడే. వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర కొండల నీడలు పొడుగ్గా పడతాయి, పిల్లలు ఐపీస్ (టెలిస్కోప్‌లో కన్ను పెట్టి చూసే చోటు) వదలరు. పౌర్ణమి నాడు ఎండ నిటారుగా పడటం వల్ల అదే చంద్రుడు చదునుగా, తెల్లగా, కళ్లు చెదిరేలా ఉంటాడు, ఏ వివరమూ తెలియదు. అష్టమి చంద్రుడు అర్ధరాత్రికి అస్తమిస్తాడు, అక్కడి నుంచి తెల్లవారే దాకా చీకటి మీదే.

ఏ నెలలో ఏం దొరుకుతుందో తెలుసుకుని వెళ్లండి

ఇక్కడ ఓ చిక్కు ఉంది, ప్యాకేజీలు అమ్మేవాళ్లు దీని గురించి ఎక్కువ చెప్పరు. ప్రకటనల్లో కనిపించే ఆ దట్టమైన పాలపుంత ఫొటో ఉంటుంది చూడండి, అది పాలపుంత మధ్యభాగం, ధనూరాశి వైపు ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో అది సాయంత్రం పూట బాగా కనిపించేది జూన్ నుంచి సెప్టెంబర్ దాకా. కానీ థార్‌లో గానీ, అరేబియా ఎడారుల్లో గానీ హాయిగా తిరగగలిగే కాలం అక్టోబర్ చివరి నుంచి మార్చి దాకా. వేసవిలో వేడికి తోడు గాల్లో దుమ్ము, థార్‌లో అయితే జూలై నుంచి వానకారు మబ్బులు కూడా. అంటే వాతావరణం బాగున్నప్పుడు ఆ మధ్యభాగం సూర్యుడి వైపు ఉంటుంది, అది రాత్రి ఆకాశంలోకి వచ్చేసరికి ఎడారి కాలిపోతూ ఉంటుంది.

దీనికి దారి ఉంది. ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో, అమావాస్య దగ్గర్లో, రాత్రి అక్కడే ఉండే ప్యాకేజీ తీసుకుని తెల్లవారుజామున నాలుగున్నర, ఐదుకి లేవండి. ఆగ్నేయంలో వృశ్చికం, దాని వెనకే ధనూరాశి పైకి వచ్చి ఉంటాయి, ఎర్రటి జ్యేష్ఠ నక్షత్రం వెలుగుతూ ఉంటుంది, ఆ పక్కనే పాలపుంత మధ్యభాగం. రాత్రంతా చల్లబడ్డ గాలి, క్యాంపు మొత్తం నిద్రలో, ఒక్క లైటు ఉండదు. నా లెక్కలో మొత్తం ఏడాదిలో ఉత్తరాది ఎడారుల్లో ఇదే అన్నిటికంటే మంచి సమయం.

డిసెంబర్, జనవరిలో వెళ్లేవాళ్లు నిరుత్సాహపడక్కర్లేదు. కాంతిమంతమైన నక్షత్రాలు ఎక్కువగా ఉండేది శీతాకాలపు సాయంత్రాల్లోనే. మృగవ్యాధుడి (ఓరియన్) నడుము మీది మూడు చుక్కలు, ఎర్రటి ఆర్ద్ర, కృత్తికల గుంపు, రోహిణి, అన్నిటికంటే ప్రకాశంగా లుబ్ధకం (సిరియస్), దక్షిణాన బాగా కిందగా అగస్త్య. డిసెంబర్ 13, 14 రాత్రుల్లో జెమినిడ్ ఉల్కలు కూడా ఉంటాయి, ఆ తేదీలకి చంద్రుడు లేకపోతే అస్సలు వదులుకోకండి. ఆగస్టు 12, 13ల్లో వచ్చే పెర్సీడ్లు కూడా గొప్పవే గానీ ఆ వేడికి తట్టుకోవాలి.

దక్షిణార్ధగోళం సంగతి వేరు. నమీబియాలోనో, చిలీ అటకామాలోనో జూన్, జూలై అంటే చలికాలం, అప్పుడే పాలపుంత మధ్యభాగం సరిగ్గా నడినెత్తికి వస్తుంది. నమీబియాలోని నమీబ్‌రాండ్ 2012లోనే అంతర్జాతీయ డార్క్ స్కై రిజర్వ్ (రాత్రి చీకటి పాడవకుండా కాపాడే ప్రాంతం) అయింది. అక్కడ ధ్రువ నక్షత్రం కనిపించదు, బదులుగా మెగలానిక్ మేఘాలు అని మన పక్క గెలాక్సీలు రెండు మామూలు కంటికే మబ్బు తునకల్లా కనిపిస్తాయి.

చల్లటి ఎడారి కావాలంటే లడఖ్‌లోని హాన్లే ఉంది, 2022 చివర్లో దాన్ని డార్క్ స్కై రిజర్వ్‌గా ప్రకటించారు. కానీ అది 4,000 మీటర్లు దాటిన ఎత్తు. ముందు లేహ్‌లో కొన్ని రోజులు ఉండి ఒంటికి అలవాటు చేసుకున్నాకే వెళ్లాలి, విమానం దిగి నేరుగా బయల్దేరే చోటు కాదది.

బుక్ చేసే ముందు ఫోన్ చేసి అడగండి

మెసేజ్ పెడితే అన్నిటికీ 'ఎస్' అనే వస్తుంది. ఫోన్ చేయండి. మొదటి ప్రశ్న: ఆకాశం చూపించేది క్యాంపులోనా, క్యాంపు నుంచి దూరంగా తీసుకెళ్తారా? క్యాంపులోనే అంటే లైట్లు ఎప్పుడు ఆర్పుతారు, పక్క క్యాంపుల లైట్లు కనపడతాయా అని అడగండి. 'మా లైట్లు చాలా తక్కువండీ' అన్న సమాధానాన్ని నమ్మొద్దు, ఒక్క తెల్ల బల్బు కనుచూపు మేరలో ఉన్నా కళ్లు చీకటికి అలవాటు పడవు. ఎదురుగా ఓ దిబ్బ అడ్డం ఉండే చోటికి తీసుకెళ్తామని వాళ్లే చెప్పారంటే ఆ గైడ్‌కి పని తెలుసని అర్థం.

తర్వాత, ఆకాశం కింద ఎంతసేపు ఉంచుతారు? గంటన్నర కంటే తక్కువైతే నేనైతే వద్దంటాను. ఎందుకో కింద కళ్ల గురించి చెప్పేటప్పుడు తెలుస్తుంది. ఒక టెలిస్కోప్‌కి ఎంతమంది? పది మందికి ఒకటైతే బాగానే సాగుతుంది, ముప్ఫై మంది అయితే మీకు దక్కేది రెండు చూపులు. నక్షత్రాల గురించి చెప్పే మనిషి వేరే ఉన్నారా, లేక డ్రైవరే చెప్తారా? డ్రైవర్లలో ఆకాశం బాగా తెలిసినవాళ్లు ఉంటారు, ఎడారిలో పుట్టి పెరిగినవాళ్లకి చుక్కలు చూసి దిక్కు చెప్పడం మామూలే, కాబట్టి ఆ మాట విని తీసిపారేయకండి, ఇంకో ప్రశ్న వేయండి: 'ఆ రోజు రాత్రి ఏయే గ్రహాలు ఉంటాయి?' అని. తడుముకోకుండా చెప్పారంటే చాలు.

మబ్బు పడితే ఏం చేస్తారో, డబ్బు వాపసా, వేరే తేదీ ఇస్తారా, రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. బండిలో ఫస్ట్ ఎయిడ్, సిగ్నల్ లేని చోట వాడే రేడియో లేదా శాటిలైట్ ఫోన్, రెండో బండి తోడు ఉన్నాయా అని కూడా. ఈ ప్రశ్నలకి విసుక్కునేవాళ్ల దగ్గర బుక్ చేయకపోవడమే మంచిది.

అదయ్యాక ఇంట్లో కూర్చుని చేసే పని ఒకటి. లైట్ పొల్యూషన్ మ్యాప్‌లు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి, వాళ్లు చెప్పిన చోటు అందులో పెట్టి చూడండి. బోర్టిల్ స్కేల్ అని 1 నుంచి 9 దాకా ఉంటుంది, 1 అంటే కటిక చీకటి, 9 అంటే మహానగరం నడిబొడ్డు. 3 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే హాయిగా వెళ్లండి. 4 అయినా పాలపుంత కనిపిస్తుంది. 5, 6 ఉన్న చోటికి నక్షత్రాల పేరుతో ఎక్కువ డబ్బు పెట్టడం దండగ.

బ్యాగులో ఏం పెట్టుకోవాలి

చలి బట్టలు. వేడి దేశం కదా అని టీషర్ట్‌తో వెళ్లి వణికేవాళ్లు ప్రతి గుంపులోనూ ఉంటారు. ఇసుక త్వరగా వేడెక్కి త్వరగా చల్లారిపోతుంది, గాల్లో తేమ ఉండదు, పైన మబ్బు ఉండదు, పగటి వేడంతా సూర్యుడు దిగగానే ఆకాశంలోకి పోతుంది. శీతాకాలపు థార్‌లో పగలు 25 డిగ్రీలు ఉన్న రోజే తెల్లవారేసరికి 10 లోపలికి దిగిపోతుంది, ఒక్కోసారి 5 దరిదాపులకు కూడా. పైగా మీరు నడవడం లేదు, గంటల తరబడి కదలకుండా వెల్లకిలా పడుకుంటారు. అందుకని ఒకే మందపాటి కోటు కంటే రెండు మూడు పొరలు, చెవులు కప్పే టోపీ, మేజోళ్లు. కింద పరుచుకోవడానికి మందపాటి చాప లేదా దుప్పటి తప్పనిసరి, చలి ఎక్కువ ఎక్కేది కింద ఉన్న ఇసుక నుంచే.

కాళ్లు పూర్తిగా కప్పే బూట్లు, ఇసుకలో చెప్పులు వద్దు, కారణం తర్వాత చెప్తాను. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు. ముక్కు, నోరు కప్పుకునే స్కార్ఫ్. రోజూ వేసుకునే మందులు. ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్ బ్యాగులో అడుగున కాకుండా జేబులో. కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్లు ఆ రాత్రికి కళ్లజోడు పెట్టుకోండి, దుమ్ముకి లెన్స్ నరకం చూపిస్తుంది. ఫోన్, కెమెరా, పవర్ బ్యాంక్ దేనికది జిప్ కవర్‌లో, ఆ సన్నటి ఇసుక దూరని సందు ఉండదు.

ఎర్ర టార్చ్ ఒకటి కొనుక్కోండి. దొరక్కపోతే మామూలు టార్చ్‌కి ఎర్ర కాగితం రెండు మూడు పొరలు చుట్టి రబ్బర్ బ్యాండ్ వేయండి, కింద అడుగు కనిపించేంత వెలుగు వస్తే చాలు. బైనాక్యులర్స్ ఉంటే తప్పకుండా తీసుకెళ్లండి, 7x50 లేదా 10x50 రకం. నన్నడిగితే లైనులో నిలబడి టెలిస్కోప్‌లో చూసే నిమిషం కంటే, పడుకుని బైనాక్యులర్స్‌తో పాలపుంత వెంబడి మెల్లగా వెళ్లే అరగంట ఎక్కువ ఇస్తుంది.

స్టెల్లేరియం లాంటి ఆకాశం యాప్ ముందే దించుకుని, ఆ ఊరి లొకేషన్ సేవ్ చేసి, అందులో ఎర్ర నైట్ మోడ్ ఎలా పెట్టాలో ఇంట్లోనే చూసుకోండి. అక్కడ సిగ్నల్ ఉంటుందన్న ఆశ వద్దు. లేజర్ పాయింటర్ మాత్రం మీరు తీసుకెళ్లకండి, అది గైడ్ వాడే వస్తువు, కొన్ని దేశాల్లో నిషేధం కూడా, ఎవరి కంట్లో పడినా ప్రమాదమే.

బండిలో, ఒంటె మీద

దిబ్బల మీద బండి నడపడం మీ ప్యాకేజీలో ఉంటే, బయల్దేరే ముందు డ్రైవర్ కిందికి దిగి టైర్లలో గాలి తీయడం చూస్తారు. కంగారు పడొద్దు. మామూలుగా 30 పిఎస్ఐ పైన ఉండే గాలి ఒత్తిడిని 15 దరిదాపులకి తెస్తారు, టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుకలో దిగబడకుండా ఉంటుంది. గాలి తీయకుండానే దిబ్బ ఎక్కించే డ్రైవర్‌ని చూస్తే అప్పుడు కంగారు పడండి. సీటు బెల్టు పెట్టుకోండి, వెనక సీట్లో ఉన్నా సరే.

గర్భిణులు, నడుం నొప్పి, మెడ నొప్పి ఉన్నవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, బాగా చిన్నపిల్లలు దీనికి పోకూడదు. ఇలాంటివాళ్లని మామూలు దారిలో క్యాంపుకి చేర్చమని ముందే మాట్లాడుకోవచ్చు, చాలామంది ఒప్పుకుంటారు. వాంతులయ్యేవాళ్లు కడుపు నిండా తిని ఎక్కొద్దు, డాక్టర్‌ని అడిగి మాత్ర ముందే వేసుకోండి, ముందు సీటు అడగండి, ఫోన్ చూడకుండా దూరంగా కనిపించే దిబ్బ అంచు మీద చూపు పెట్టండి. తల తిరుగుతుంటే మొహమాటపడకుండా ఆపమని చెప్పండి. ఇక్కడ కడుపు తిప్పితే ఆ తర్వాత ఆకాశం చూసే ఓపిక ఉండదు.

ఒంటె లేచేటప్పుడు వెనక కాళ్లు ముందు లేపుతుంది, మీరు ఒక్కసారిగా ముందుకి తూలుతారు. కూర్చునేటప్పుడు ముందు కాళ్లు మడుస్తుంది, మళ్లీ ముందుకే. కాబట్టి రెండుసార్లూ వెనక్కి వాలి జీను గట్టిగా పట్టుకోండి. ఆ సమయంలో సెల్ఫీ వద్దు.

పొద్దు గూకినప్పటి నుంచి

సూర్యుడు దిగగానే 'ఇంకా నక్షత్రాలేవి' అని అడుగుతారు అందరూ. పూర్తి చీకటి పడటానికి గంటం పావు నుంచి గంటన్నర పడుతుంది, సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీలు కిందికి వెళ్లాలి. ఆ లోపు తినేయండి, బట్టలు వేసుకోండి, చాప పరుచుకోండి, టార్చ్ ఎక్కడుందో చూసుకోండి. తెల్ల లైటు అవసరమయ్యే పనులన్నీ అప్పుడే ముగించాలి.

ఇక కళ్ల సంగతి. మన కంట్లో మసక వెలుగుని పట్టే కణాలు పూర్తిగా పనిచేయడానికి 20 నుంచి 30 నిమిషాలు కావాలి. ఆ అరగంటలో ఆకాశం మారిపోవడం మీకే తెలుస్తుంది. మొదట వందల్లో ఉన్న చుక్కలు వేలవుతాయి, ఖాళీగా అనిపించిన చోట పొగలాంటి పట్టీ తేలుతుంది, కాసేపటికి ఆ పట్టీలో నల్లటి చీలికలు కూడా విడివిడిగా కనిపిస్తాయి, అవి మబ్బులు కావు, నక్షత్రాల మధ్య ఉన్న ధూళి. సరిగ్గా అప్పుడు పక్కనున్నవాళ్లు టైమెంతయిందా అని ఫోన్ తీస్తారు. ఒక్క సెకను ఆ తెల్ల వెలుగు కంట్లో పడితే చాలు, మళ్లీ అరగంట మొదటికొస్తుంది, మీకే కాదు, చుట్టూ ఉన్న అందరికీ. అందుకే మొదలుపెట్టే ముందే గుంపులో అందరికీ చెప్పండి, గైడ్‌తో చెప్పించండి, ఫోన్లు సైలెంట్‌లో పెట్టి లోపలి జేబుల్లో పెట్టమనండి. ఎర్ర కాంతికి ఆ కణాలు పెద్దగా స్పందించవు, అందుకే ఎర్ర టార్చ్. అది కూడా మసకగా ఉండాలి, మొహం మీద వేయకూడదు.

మసకగా ఉన్నదాన్ని సూటిగా చూస్తే మాయమైపోతుంది. కొంచెం పక్కకి చూడండి, కంటి చివరతో పట్టుకోండి. చూపు మధ్యలో రంగు పట్టే కణాలే ఉంటాయి, చీకట్లో పనికొచ్చేవి దాని చుట్టూ ఉంటాయి. ఆండ్రోమెడా గెలాక్సీని అక్టోబర్, నవంబర్ రాత్రుల్లో ఇలాగే పట్టుకోవాలి. చిన్న మసక మరక, అంతే. కానీ ఆ వెలుగు 25 లక్షల ఏళ్ల క్రితం అక్కడ బయల్దేరింది, మీ కంటి దాకా వచ్చి ఆగింది. అది తెలిసి చూడటం వేరు.

వరస ఒకటి చెప్తాను. ముందు ధ్రువ నక్షత్రంతో మొదలుపెట్టండి. చెయ్యి చాపి పట్టుకున్న పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. మీరున్న చోటి అక్షాంశం ఎంతో ధ్రువుడు ఉత్తరాన అంత ఎత్తులో ఉంటాడు, అంటే జైసల్మేర్‌లో 27, దుబాయ్‌లో 25, దిగంతం నుంచి రెండున్నర పిడికిళ్లు పైన. దాన్ని పట్టుకుంటే దిక్కులన్నీ తెలిసిపోతాయి. తర్వాత ఆ కాలంలో పెద్ద గుర్తు ఏదో అది, చలికాలంలో మృగవ్యాధుడు, వసంతంలో సప్తర్షి మండలం, వేసవిలో వృశ్చికం. సప్తర్షుల్లో తోక నుంచి రెండోది వసిష్ఠుడు, పక్కనే ఆనుకుని అరుంధతి, రెండూ విడిగా కనిపిస్తున్నాయా చూడండి. ఇవయ్యాకే టెలిస్కోప్ దగ్గరికి వెళ్లండి.

ఫిబ్రవరి, మార్చి సాయంత్రాల్లో పూర్తిగా చీకటి పడ్డాక పడమట దిగంతం నుంచి పైకి ఒక మసక వెలుగు త్రికోణంలా లేచి కనిపిస్తే అది ఊరి లైట్లనుకోకండి. గ్రహాలు తిరిగే తలంలో పరుచుకున్న ధూళి మీద సూర్యకాంతి పడి వచ్చే వెలుగు అది. నగరాల దగ్గర జన్మలో కనిపించదు. గైడ్‌ని అడిగి మరీ చూపించమనండి.

టెలిస్కోప్ దగ్గర

ముట్టుకోకండి, పట్టుకోకండి, చేతులు వెనక్కి కట్టుకుని కన్ను మాత్రం దగ్గరికి తీసుకెళ్లండి. ట్యూబ్ కదిలిందంటే వస్తువు తప్పిపోతుంది, గైడ్ మళ్లీ మొదటి నుంచి వెతకాలి. దూరపు చూపు సమస్య మాత్రమే ఉన్నవాళ్లు కళ్లజోడు తీసి ఫోకస్ సరిచేసుకోవచ్చు, ఆస్టిగ్మాటిజం ఉంటే పెట్టుకునే చూడండి. కనిపించగానే 'చూశాను' అని తప్పుకోకండి. గాలి కదలికకి బొమ్మ నీళ్లలోలా అల్లాడుతూ ఉంటుంది, మధ్యలో ఒక్క క్షణం నిలకడగా ఆగుతుంది, ఆ క్షణం కోసం ఊపిరి బిగబట్టి ఆగాలి. గురుగ్రహం మీది పట్టీలు, పక్కన వరసలో 1610లో గెలీలియో చూసిన నాలుగు ఉపగ్రహాలు అప్పుడే స్పష్టంగా దొరుకుతాయి.

ఒకటి ముందే తెలుసుకోండి. పత్రికల్లో చూసే రంగుల నెబ్యులాలు (అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘాలు) ఐపీస్‌లో ఉండవు. చీకట్లో కంటికి రంగు తెలియదు కాబట్టి అంతా బూడిద రంగులో, మంచులా కనిపిస్తుంది. శని కూడా నువ్వుగింజంత, చుట్టూ సన్నటి వలయంతో. కానీ అది బొమ్మ కాదని, నిజంగా అక్కడ ఉన్నదేనని అర్థమయ్యే సరికి పెద్దవాళ్లు కూడా అరిచేస్తారు, వెళ్లి మళ్లీ లైనులో నిలబడతారు.

ఫొటోలు తీసుకోవాలంటే

అందరూ చూడటం అయ్యాక, కాస్త దూరంగా వెళ్లి తీసుకోండి. స్క్రీన్ వెలుగు బాగా తగ్గించండి, ఫ్లాష్ ఆపేయండి, ఇంట్లోనే ఆపేసి రండి. ఫోన్ అయితే చిన్న ట్రైపాడ్ మీద పెట్టి నైట్ మోడ్‌లో టైమర్‌తో, చెయ్యి తగలకుండా. కెమెరా అయితే వైడ్ లెన్స్, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, ఐఎస్‌ఓ 1600 నుంచి 3200. ఎన్ని సెకన్లు అంటే 500ని లెన్స్ ఫోకల్ లెంత్‌తో భాగించండి, ఫుల్ ఫ్రేమ్ మీద 20 మిల్లీమీటర్ లెన్స్‌కి 25 సెకన్లు. అంతకు మించితే చుక్కలు గీతలవుతాయి. ఆటో ఫోకస్ చీకట్లో పనిచేయదు, ఒక ప్రకాశమైన నక్షత్రాన్ని స్క్రీన్ మీద పెద్దది చేసి, అది సన్నటి చుక్క అయ్యేదాకా చేత్తో తిప్పండి. ఎడారిలో లెన్స్ మార్చొద్దు. బ్యాటరీ చలికి త్వరగా దిగిపోతుంది, రెండోది ఒంటికి ఆనేలా లోపలి జేబులో ఉంచండి.

నడక, పురుగూ పుట్రా, దారి తప్పడం

రాత్రి దిబ్బ ఎక్కాలనిపిస్తే గైడ్‌తోనే, గాలి వచ్చే వైపు నుంచి ఎక్కండి. ఆ వైపు వాలు తక్కువ, ఇసుక గట్టిపడి అలలు అలలుగా ఉంటుంది, అడుగు నిలుస్తుంది. రెండో వైపు నిటారుగా, వదులుగా జారిపోతుంది, మోకాళ్ల దాకా దిగబడతారు.

తేళ్లూ పాములూ తిరిగేది రాత్రే. థార్‌లో చిన్న పొడ అనే విషపాము ఉంది, అరేబియా, సహారా ఎడారుల్లో ఇసుకలో ఒళ్లు దాచుకునే కొమ్ముల పాము ఉంది. భయపడి మానేయక్కర్లేదు, అవి మన జోలికి రావు, మనం తొక్కకుండా ఉంటే చాలు. అందుకే బూట్లు. పొదల దగ్గర కూర్చోవద్దు, రాళ్లు కదపొద్దు, చీకట్లో చెయ్యి ఎక్కడ పెడుతున్నారో చూసి పెట్టండి, విప్పిన బూట్లు, విడిచిన బట్టలు దులిపి వేసుకోండి. కొందరు గైడ్ల దగ్గర అతినీలలోహిత టార్చ్ ఉంటుంది, దాని కింద తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది. ఇసుక మీద అరచేయంత దూరంలో ఆ మెరుపు కనిపించి, అది తోక ఎత్తి రెండు అడుగులు వెనక్కి నడిచి మళ్లీ ఆగిపోవడం ఒకసారి చూస్తే బూట్లు దులపమని మీకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. కుట్టినా, కాటు పడినా కోయడం, పీల్చడం, కట్టు బిగించడం ఏదీ చేయొద్దు, ఆ భాగం కదలకుండా ఉంచి వెంటనే గైడ్‌కి చెప్పి ఆస్పత్రికి వెళ్లాలి.

బాత్రూమ్ పనికి వెళ్లినా ఎవరికైనా చెప్పి వెళ్లండి. రెండు దిబ్బలు దాటితే క్యాంపు కనిపించదు, మాట వినిపించదు, అన్ని దిబ్బలూ ఒకేలా ఉంటాయి. దారి తప్పారనిపిస్తే ఇంకో అడుగు వేయకండి, అక్కడే ఎత్తు మీద కూర్చుని టార్చ్ ఆర్పుతూ వెలిగించండి, విజిల్ ఉంటే ఊదండి. ఇక్కడ తెల్ల లైటు వాడొచ్చు, ప్రాణం కంటే చీకటి ముఖ్యం కాదు. వెతకడానికి వచ్చేవాళ్లు మీ అడుగుల జాడ పట్టుకునే వస్తారు, మీరు తిరిగేకొద్దీ వాళ్ల పని కష్టమవుతుంది.

తిరుగు ప్రయాణం

లేచే ముందు ఎర్ర టార్చ్‌తో చాప చుట్టూ వెతకండి, లెన్స్ మూతలు, తాళాలు, పిల్లల మేజోళ్లు ఇసుకలో కూరుకుపోయి ఉంటాయి. చెత్త ఒక్క కాగితం ముక్క కూడా వదలొద్దు, ఎడారిలో అది ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. బైనాక్యులర్స్‌నీ, లెన్స్‌నీ గుడ్డతో తుడవకండి, ఇసుక రేణువు గీత పెట్టేస్తుంది, ముందు గాలి బల్బుతో ఊదాలి. డ్రైవర్ సాయంత్రం నుంచి మేలుకునే ఉన్నారు కాబట్టి బయల్దేరే ముందు పలకరించండి, కళ్లు మూతలు పడుతున్నాయనిపిస్తే పావుగంట ఆగి టీ తాగి వెళ్దామని మీరే అనండి, టైర్లలో గాలి మళ్లీ నింపారా అని అడిగి తారు రోడ్డు ఎక్కండి. దారిలో మీకు నిద్ర రావడం ఖాయం, బెల్టు పెట్టుకునే పడుకోండి.